లద్దెలో గుడ్ల లెక్క

గుర్రానికి నట్టల మందు పట్టించడానికి అర నిమిషం చాలు. కొరికే పళ్లకీ నమిలే పళ్లకీ మధ్య ఉండే ఖాళీలోంచి పేస్టు సిరంజి మూతిని నోట్లోకి పోనిచ్చి, నాలుక మొదట్లో నొక్కి, తల కాస్త పైకెత్తి పట్టుకుంటే పని అయిపోతుంది. ఈ గుర్రానికి, ఈ మందు, ఈ నెలలో అవసరమా కాదా అన్నది తేల్చడం మాత్రం అంత తేలిక కాదు. దాని వెనక ఒక పనిముట్టు ఉంది, ఒక చేతిపని ఉంది, తమ సలహానే తిరిగి పరీక్షకు పెట్టుకున్న పెద్దల ఓపిక ఉంది. పశువైద్యంలో ఇంతకంటే గొప్పగా కనిపించే పనులు చాలా ఉన్నాయి. ఇంత మనసు పెట్టి చేసే పనులు తక్కువ. అందుకే దీన్ని దగ్గర్నుంచి చూపించాలని నా ఆశ.

ముందు నట్టల సంగతి. బీట్లో మేసే ప్రతి గుర్రం కడుపులోనూ ఇవి ఉంటాయి. అన్నిటికంటే ఎక్కువగా ఉండేవి చిన్న స్ట్రాంగైల్స్. సన్నటి, పొట్టి పురుగులు. ఒక్క జాతి కాదు, యాభై దాకా జాతులు. పెద్దపేగులో ఉండి గుడ్లు పెడతాయి. గుడ్లు లద్దెతో కలిసి నేల మీద పడతాయి. వెచ్చదనమూ తడీ దొరికితే గుడ్డులోంచి పిల్ల పురుగు బయటికొచ్చి, లద్దెలోనే తిని పెరిగి, మూడో దశకు చేరుతుంది. అప్పుడు పాత చర్మాన్ని వదిలెయ్యకుండా ఒంటి మీద తొడుగులా ఉంచుకుంటుంది. ఆ తొడుగు చలిని ఆపుతుంది, కానీ నోటినీ మూసేస్తుంది. ఇక అది తినలేదు. ఒంట్లో దాచుకున్న నిల్వ అయిపోయేలోపు ఏ గుర్రమో తనను గడ్డితో పాటు మింగాలి. మింగితే పెద్దపేగు గోడలో దూరి, చుట్టూ పొర కట్టుకుని నిద్రపోతుంది. ఆ నిద్ర కొన్ని నెలలు ఉండొచ్చు, రెండేళ్లు దాటొచ్చు కూడా. చలి దేశాల్లో శీతకాలం చివర, వసంతం మొదట్లో అవి వేల కొద్దీ ఒక్కసారి గోడ చీల్చుకుని బయటికి వస్తే గుర్రం విరేచనాలతో, నీరు పట్టి, చూస్తుండగా చిక్కిపోతుంది. అలా జబ్బుపడ్డ గుర్రాల్లో వైద్యం చేసినా సగం దాకా చనిపోవచ్చు.

అయితే కొద్దిపాటి నట్టలతో పెద్ద గుర్రం ఆరోగ్యంగానే బతుకుతుంది. తెలిసిన వైద్యుడు నట్టలన్నిటినీ తుడిచిపెట్టాలని చూడడు. గుర్రానికి హాని చెయ్యని మేరకు వాటిని అదుపులో ఉంచాలని చూస్తాడు. ఆ మేర ఎంతో తెలియాలంటే లెక్క కావాలి.

ఆ లెక్కకు పనిముట్టు గుర్రాల కోసం పుట్టింది కాదు. 1939లో సిడ్నీలోని మెక్‌మాస్టర్ పశు ఆరోగ్య ప్రయోగశాలలో హ్యూ గోర్డన్, హెచ్.వి. విట్‌లాక్ అనే ఇద్దరు, గొర్రెల పేడలో నట్టల గుడ్లు లెక్కపెట్టే పద్ధతి ఒకటి ప్రకటించారు. ప్రయోగశాలకు డబ్బిచ్చిన గొర్రెల పెంపకందారు పేరు మెక్‌మాస్టర్. ఆ పేరు స్లైడుకూ అంటుకుని, ఇవాళ ప్రపంచంలో ఏ పశువైద్య కళాశాలకు వెళ్లినా వినిపిస్తుంది.

ఆ స్లైడును చేతిలోకి తీసుకుని చూడాలి. రెండు పారదర్శక పలకలు ఒకదాని మీద ఒకటి, మధ్యలో కచ్చితంగా ఒకటిన్నర మిల్లీమీటర్ల ఎడంతో అతికించి ఉంటాయి. పై పలకకు అడుగు వైపున రెండు చదరాలు గీసి ఉంటాయి. ఒక్కొక్కటి సెంటీమీటరు పొడవు, సెంటీమీటరు వెడల్పు. అంటే ఒక్కో చదరం కింద 0.15 మిల్లీలీటర్ల ద్రవం పడుతుంది, రెంటికీ కలిపి 0.3. ఇప్పుడు 4 గ్రాముల లద్దె తూచి, 26 మిల్లీలీటర్ల చిక్కటి ఉప్పునీళ్లలో కలిపితే మొత్తం 30 అవుతుంది. ఆ ముప్ఫైలో 0.3 అంటే నూరో వంతు. కాబట్టి రెండు చదరాల్లో కనిపించిన గుడ్లు 0.04 గ్రాముల లద్దెలోవి. వాటిని 25తో గుణిస్తే గ్రాముకు ఎన్ని గుడ్లో వచ్చేసింది. చిన్న బడిలో నేర్చుకున్న గుణకారం తప్ప ఇందులో ఇంకేమీ అక్కర్లేదు.

నాకు అబ్బురంగా తోచేది ఈ లెక్క ఒక్కటే కాదు, ఆ గీతలు గీసిన చోటు. ఉప్పు కరిగినంత కరిగించిన నీళ్లు నట్టల గుడ్డు కంటే బరువు. అందుకని గుడ్లు పైకి తేలి పై పలకను అడుగు నుంచి తాకుతూ నిలబడతాయి. గడ్డి పీచు, ఇసుక, మిగతా చెత్తలో చాలా భాగం కిందికి దిగిపోతుంది. గీతలు కూడా సరిగ్గా ఆ అడుగు వైపునే ఉన్నాయి గదా! సూక్ష్మదర్శినిని గీత మీద నిలిపితే చాలు, గుడ్లూ అదే క్షణాన తేటగా కనిపిస్తాయి. కింద ఉన్న చెత్త మసకబారిపోతుంది. వెతకాల్సినదాన్ని కంటి ముందుకు తెచ్చి, అక్కర్లేనిదాన్ని కిందికి దించే ఏర్పాటు అంతా ఆ ఒకటిన్నర మిల్లీమీటర్ల ఎడంలో ఇమిడి ఉంది. ఎనభై ఏళ్లు దాటాయి. ఫొటో తీసి కంప్యూటరుతో లెక్కించే యంత్రాలు వచ్చాయి. ఇంకా సున్నితంగా తేల్చే పద్ధతులూ వచ్చాయి. అయినా ఈ స్లైడు పక్కకు పోలేదు. చవక, కడిగి మళ్లీ వాడొచ్చు, ఎవరైనా నేర్చుకోవచ్చు.

నేర్చుకోవచ్చు గానీ, బాగా చెయ్యడం వేరు. లద్దె ముద్దలో గుడ్లు అంతటా ఒకేలా ఉండవు. మంచి పనివాడు ఒకే ఉండను తుంచి తేడు. నాలుగైదు ఉండల్లోంచి కొంచెం కొంచెం తీసి, బాగా కలిపి, అప్పుడు తూస్తాడు. లద్దె తాజాగా ఉండాలి. వెచ్చగా వదిలేస్తే ఒకటి రెండు రోజుల్లోనే గుడ్లు పొదిగి పిల్లలు బయటికొస్తాయి, లెక్క తగ్గిపోతుంది, గుర్రం బాగున్నట్టు తప్పుడు కబురు వస్తుంది. అందుకని సంచిలోంచి గాలంతా నొక్కి తీసేసి, మూతి కట్టి, ఫ్రిజ్‌లో పెడతారు. గడ్డకట్టించకూడదు, గుడ్లు పాడైపోతాయి. వడగట్టిన ద్రవాన్ని పైపులోకి తీసేముందు మళ్లీ ఒకసారి తిప్పి కలపాలి, ఎందుకంటే గిన్నెలో ఉన్న ఆ కాసేపట్లోనే గుడ్లు పైకి తేలడం మొదలుపెడతాయి. స్లైడులోకి నింపేటప్పుడు గాలి బుడగ పట్టకూడదు. పడితే ఆ మేర చోటు పోతుంది. నింపాక అయిదు నిమిషాలు ఆగాలి. మరీ ఆలస్యమైతే ఉప్పు స్ఫటికాలు కడుతుంది, గుడ్లు నలుగుతాయి. ఈ పనుల్లో ఏదీ కష్టమైంది కాదు. అన్నీ ప్రతిసారీ, ఏ ఒక్కటీ వదలకుండా చెయ్యడమే పనితనం. పదో సంచి దగ్గర కూడా మొదటి సంచి దగ్గరున్నంత శ్రద్ధ ఉన్నవాళ్ల లెక్కనే వైద్యుడు నమ్ముతాడు.

ఇక కన్ను. స్ట్రాంగైల్ గుడ్డు కోడిగుడ్డు ఆకారంలో, పల్చటి పెంకుతో, లోపల ద్రాక్షగుత్తిలాంటి కణాల ముద్దతో కనిపిస్తుంది. మిల్లీమీటరులో పదో వంతు కంటే కొంచెం తక్కువ పొడవు. పిల్ల గుర్రాల్లో ఉండే పెద్ద ఏలికపాము గుడ్డు గుండ్రంగా, దళసరి పెంకుతో, గోధుమ రంగులో ఉంటుంది. ఈ రెంటినీ ఒక్కరోజులో గుర్తుపట్టొచ్చు. గాలి బుడగనీ, పుప్పొడి రేణువునీ గుడ్డు అనుకోకుండా ఉండటానికి మాత్రం కొన్ని వందల స్లైడులు చూడాలి. బద్దె పురుగు దగ్గర ఈ పద్ధతి ఓడిపోతుంది: దాని గుడ్లు లద్దెలోకి ఒక లెక్క ప్రకారం రావు. దానికి లాలాజల పరీక్షో రక్తపరీక్షో చేస్తారు. తోక రుద్దుకునే గుర్రం దగ్గర సూది పురుగు గుడ్ల కోసం ముడ్డి చుట్టూ అంటుకునే టేపు అద్ది చూస్తారు. జోరీగలాంటి బాట్ ఈగ కాళ్ల వెంట్రుకల మీద పెట్టే పసుపుపచ్చ గుడ్లు మామూలు కంటికే కనబడతాయి.

లెక్కకు అందని ఇంకో సంగతి ఉంది. దాన్ని దాటడానికి ప్రయోగశాలల వాళ్లు చేసే పని చూస్తే చెయ్యెత్తి మొక్కాలనిపిస్తుంది. చిన్న స్ట్రాంగైల్ గుడ్డూ, ప్రాణాంతకమైన పెద్ద స్ట్రాంగైల్ గుడ్డూ సూక్ష్మదర్శినిలో ఒకేలా ఉంటాయి. వాటిని విడదీయాలంటే లద్దెను తడిగా, వెచ్చగా పది పద్నాలుగు రోజులు ఉంచి, గుడ్లను పొదిగించి, మూడో దశ పిల్ల పురుగుల్ని పట్టుకుని, ఒక్కొక్కదాని పేగులో కణాలు లెక్కపెట్టాలి. చిన్నవాటిలో చాలా జాతులకు ఎనిమిది కణాలు. స్ట్రాంగైలస్ వల్గారిస్ అనే పెద్ద శత్రువుకైతే 28 నుంచి 32. మిల్లీమీటరు పొడవున్న పురుగు పేగులో ముప్ఫై కణాలు లెక్కపెట్టి, అప్పుడు ఒక గుర్రం ప్రమాదం గురించి మాట చెప్పడం! ఈ పనికి పేరూ రాదు, ఫొటోలూ పడవు.

ఆ వల్గారిస్ నుంచే ఈ కథలో అసలు మలుపు మొదలైంది. దాని పిల్ల పురుగులు పేగుకు రక్తం తెచ్చే పెద్ద ధమని గోడలోకి పాకి అక్కడ పెరుగుతాయి. రక్తం గడ్డకట్టి, గడ్డ ముక్కలు జారి చిన్న నాళాల్ని మూసేస్తే పేగు ముక్క చచ్చిపోతుంది. గుర్రం శూలనొప్పితో పొర్లి పొర్లి ప్రాణం విడుస్తుంది. గత శతాబ్దం మధ్యలో గుర్రాల పెంపకందారులను అన్నిటికంటే భయపెట్టిన నట్ట ఇదే. అమెరికాలో కెంటకీ విశ్వవిద్యాలయంలో పనిచేసిన హెరాల్డ్ డ్రడ్జ్, జీన్ లయన్స్ 1966లో దీనికి ఒక ఉపాయం చెప్పారు. అప్పటికి కొత్తగా వచ్చిన థయాబెండజోల్ వేస్తే ఆరు నుంచి ఎనిమిది వారాల దాకా లద్దెలో గుడ్లు మళ్లీ కనపడవు. వల్గారిస్ పెరిగి గుడ్లు పెట్టడానికి ఆరు నెలలకు పైగా పడుతుంది. కాబట్టి ప్రతి ఆరెనిమిది వారాలకూ అన్ని గుర్రాలకూ మందు వేస్తూ పోతే గడ్డి మీద కొత్త గుడ్డు పడదు, ఆ నట్ట తరం అక్కడితో ఆగుతుంది.

ఇది గొప్ప ఆలోచన. పనిచేసింది కూడా. కొన్ని దశాబ్దాల్లో చాలా దేశాల్లో వల్గారిస్ అరుదైపోయింది, ఆ శూలనొప్పి తగ్గిపోయింది. ఆ పద్ధతిని తేలిగ్గా తీసిపారేసేవాళ్లతో నేను ఏకీభవించను. ఎన్ని వేల గుర్రాలు దానివల్ల బతికాయో!

తేడా తర్వాత వచ్చింది. గుర్రాల యజమానులు ఆరు వారాల లెక్కను కాలెండరు మీద పెట్టుకున్నారు, దాని వెనకున్న కారణాన్ని మర్చిపోయారు. వల్గారిస్ పోయింది, మందు ఆగలేదు. మిగిలిన చిన్న స్ట్రాంగైల్స్ మీద ఏడాది పొడవునా మందు పడుతూనే ఉంది. ఏ మందైనా లక్ష పురుగుల్లో కొన్నిటిని చంపలేదు. మిగతావన్నీ చచ్చాక గుడ్లు పెట్టేవి ఆ కొన్నే. వాటి సంతానం మందుకు లొంగదు. మొదట థయాబెండజోల్, దాని కుటుంబంలోని ఫెన్‌బెండజోల్, తర్వాత పైరాంటెల్ చాలా దేశాల్లో చిన్న స్ట్రాంగైల్స్ మీద పట్టు కోల్పోయాయి. 1980ల్లో ఐవర్‌మెక్టిన్ గుర్రాలకు అందుబాటులోకి వచ్చినప్పుడు చీకూచింతా తీరిందనుకున్నారు. జపాన్ మట్టిలో దొరికిన సూక్ష్మజీవి నుంచి పుట్టిన మందు అది. దాని వెనకున్న సతోషి ఒమురా, విలియం క్యాంప్‌బెల్‌లకు 2015లో నోబెల్ బహుమతి వచ్చింది. 2002లో నెదర్లాండ్స్ నుంచి పిల్ల గుర్రాల ఏలికపాములు దానికి లొంగడం లేదన్న వార్త వచ్చింది. 2020లో, ఐర్లండ్ నుంచి కెంటకీకి వచ్చిన ఏడాది వయసు గుర్రాల్లో చిన్న స్ట్రాంగైల్స్ కూడా దానికి లొంగలేదని రాశారు. గుర్రాలు విమానాల్లో తిరిగే కాలంలో నట్టలూ వాటితో పాటే తిరుగుతాయి. గుర్రాలకు కొత్త తరగతి నట్టల మందు దశాబ్దాలుగా రాలేదు. ఉన్నవి మూడు కుటుంబాలే. బద్దె పురుగులకు ప్రాజిక్వాంటెల్ వేరు.

ఈ దిగజారుడును లోకానికి ముందు చెప్పింది ఎవరు? మళ్లీ డ్రడ్జ్, లయన్సే. తాము సలహా ఇచ్చిన మందుకు చిన్న స్ట్రాంగైల్స్ లొంగడం లేదని 1960ల నుంచే వాళ్లు రాస్తూ వచ్చారు. లయన్స్ అక్కడితో ఆగలేదు. 2008లో, నాలుగు దశాబ్దాల తర్వాత, కెంటకీలో ఐవర్‌మెక్టిన్ ప్రభావం తగ్గుతోందని లద్దె లెక్కలతో చూపించినవారిలో ఆయన ముందున్నారు. మందు వేశాక తొమ్మిది పది వారాలకు రావలసిన గుడ్లు అయిదు వారాలకే తిరిగి కనపడుతున్నాయి. తనకు పేరు తెచ్చిన పద్ధతిని జీవితాంతం పరీక్షకు పెడుతూ పోయిన మనిషిని నేను మహా పనివాడనే అంటాను. అదే విశ్వవిద్యాలయంలో 1979 నుంచి ఒక గుర్రాల మందకు నట్టల మందు వెయ్యకుండా పెంచుతున్నారు. మందు ఎరగని పాత నట్టలు, వల్గారిస్‌తో సహా, ఆ మందలో బతికి ఉన్నాయి. కొత్త పరీక్షలు సరిచూసుకోవడానికి ఇలాంటి మంద దొరకడం అరుదు. నాలుగు దశాబ్దాలకు పైగా ఒక పనిని 'చెయ్యకుండా' నిలబెట్టడానికి ఎంత నిబ్బరం కావాలి!

లెక్కలు పోగయ్యేకొద్దీ ఒక విషయం బయటపడింది. ఒకే బీట్లో, ఒకే గడ్డి తినే పెద్ద గుర్రాల్లో అన్నిటి కడుపులూ ఒకటి కాదు. సుమారు అయిదో వంతు గుర్రాలే గుడ్లలో అయిదింట నాలుగు వంతులు పోస్తుంటాయి. ఎన్నో గుర్రాలు ఏళ్ల తరబడి గ్రాముకు 200 గుడ్లు దాటవు. అవి ఈసారి తక్కువగా ఉంటే వచ్చేసారి కూడా తక్కువే ఉండటం మామూలు. అలాంటి గుర్రానికి ఆరు వారాలకోసారి మందు దేనికి? పైగా మందు తగలని నట్టలు బీట్లో కొన్ని మిగలడమే మేలు. మందుకు లొంగే వాటి సంతానం అక్కడ ఉంటేనే మొండివాటి సంతానం వాటిలో కలిసి పలచబడుతుంది. కాబట్టి లెక్క చూసి, ఎక్కువ పోసే గుర్రానికే మందు వెయ్యాలి. గ్రాముకు 200 నుంచి 500 మధ్య ఎక్కడో ఒక గీత గీసుకోవడం వాడుక. పిల్ల గుర్రాల సంగతి వేరు. వాటికి నిరోధశక్తి ఇంకా రాలేదు, ఈ లెక్కలు వాటికి వర్తించవు.

మందు వేసినవాడు అక్కడితో చేతులు కడుక్కోకూడదు. వేసిన రోజున ఒక లెక్క, పద్నాలుగు రోజుల తర్వాత ఇంకో లెక్క. 800 ఉన్నది 20 అయితే మందు 97.5 శాతం పనిచేసింది. 200 దగ్గరే ఆగితే 75 శాతమే. ఐవర్‌మెక్టిన్ లాంటి మందు అంతకే పరిమితమైతే ఆ ఊళ్లో దాని పని అయిపోవచ్చినట్టే. ఒక్క గుర్రంతో తీర్పు చెప్పకూడదు, కొన్నిటిని కలిపి చూడాలి. ఈ రెండో లెక్క అడిగేవాళ్లు చాలా తక్కువ. అడిగినవాళ్లే నిజం తెలుసుకుంటారు.

డెన్మార్క్ 1999లోనే చట్టం చేసింది: వైద్యుడు పరీక్షించి చీటీ రాస్తే తప్ప గుర్రానికి నట్టల మందు ఇవ్వకూడదు, ముందుజాగ్రత్త పేరుతో వెయ్యకూడదు. దేశమంతా లద్దె పరీక్ష అలవాటు చేసుకుంది. తర్వాత మార్టిన్ నీల్సన్ అనే పరిశోధకుడు, ఆయన సహచరులు పొలాల్లో చూస్తే, లెక్కను బట్టి మందు వేసే చోట్ల వల్గారిస్ తిరిగి కనిపించింది. గుడ్లు తక్కువున్న గుర్రంలో ఆ తక్కువలోనే కొన్ని వల్గారిస్‌వి ఉండొచ్చు. వాటికి మందు పడలేదు. ఈ ఫలితాన్ని 2012లో దాచకుండా అచ్చువేశారు. పాత పద్ధతికి తిరిగి పొమ్మని ఎవరూ అనలేదు. దిద్దుబాటు మాత్రం వచ్చింది: పెద్ద గుర్రాలన్నిటికీ ఏడాదికి ఒకటి రెండుసార్లు కనీసపు మందు, ఆ పైన లెక్కను బట్టి; మధ్యమధ్య లద్దెను పొదిగించి పేగు కణాలు లెక్కపెట్టడం. పద్ధతిని దేశమంతా అలవాటు చేసుకున్న చోటే దాని లోపం బయటపెట్టి సరిచేసుకున్నారు. చేతిపనిలో ఇంతకంటే నిజాయితీ ఏముంటుంది?

మందుకు బయట చేసే పని ఇంకా గొప్పది. గుర్రాలకు ఒక అలవాటుంది: లద్దె వేసేది ఒక చోట, మేసేది ఇంకో చోట. అందుకే గుర్రాల బీడును చూడగానే పొట్టిగా కొరికిన పచ్చికా, మధ్యమధ్య ఎత్తుగా మిగిలిపోయిన గరుకు గడ్డీ కనిపిస్తాయి. పిల్ల పురుగులు ఆ గరుకు గడ్డిలోనే ఎక్కువ. బీడు చిన్నదై ఆకలేస్తే గుర్రం అక్కడా మేస్తుంది. పొలం దున్నే అలవాటుతో లద్దెను బీడంతా చదునుచేసి పరిస్తే గుర్రం తనకు తాను చేసుకున్న కాపలాను మనమే చెరిపేసినట్టు. ఎండ మండే కాలంలో, గుర్రాల్ని వేరే చోటికి మార్చి చేస్తే తప్ప అది మంచిది కాదు.

ఇంగ్లండ్‌లో పందెపు గుర్రాలకు కేంద్రమైన న్యూమార్కెట్‌లో రూపర్ట్ హర్డ్ అనే పరిశోధకుడు చేసిన పరిశీలన 1986లో అచ్చయింది. బీట్లోంచి వారానికి రెండుసార్లు లద్దె ఎత్తేస్తే, మందు మీదే ఆధారపడిన బీళ్ల కంటే గడ్డి మీద పిల్ల పురుగులు తక్కువగా ఉన్నాయని ఆయన చూపించాడు. గరుకు గడ్డి తగ్గి, మేసే నేల సుమారు సగం మేర పెరిగింది కూడా. వారానికి రెండుసార్లు అన్నది ఊరికే అన్న మాట కాదు. వెచ్చటి రోజుల్లో గుడ్డు నుంచి మింగదగిన పిల్ల పురుగు దాకా పెరగడానికి వారం పడుతుంది, బాగా వేడిగా ఉంటే ఇంకా తక్కువ. ఆ గడువు దాటకముందే లద్దె ఎత్తెయ్యాలి. పెద్ద పొలాల్లో ట్రాక్టరు వెనక పీల్చుకునే యంత్రం పోతుంది. చిన్నచోట్ల పారా, తోపుడు బండీ పట్టుకుని మనుషులు పోతారు. వానలోనైనా, సెలవు రోజైనా, వారానికి రెండుసార్లు ఆ బండి తోసే మనిషి ఏ మందు కంపెనీ చెయ్యలేని పని చేస్తున్నాడు. పేడ ఎత్తే పనిని మనం తక్కువగా చూస్తాం. ఆ మనిషిని గుర్రపుశాలలో వైద్యుడి పక్కన నిలబెట్టి గౌరవించాలని నేను గట్టిగా నమ్ముతున్నాను. ఎత్తిన లద్దెను కుప్పవేసి బాగా మాగనిస్తే లోపలి వేడికి గుడ్లు, పురుగులు చస్తాయి. అదే బీట్లో ఆవుల్నో గొర్రెల్నో మార్చి మార్చి మేపితే, గుర్రపు నట్టల్లో చాలావరకు వాటి కడుపుల్లో బతకలేక నశిస్తాయి.

మందు వెయ్యక తప్పనప్పుడు కూడా పనితనం తూకంలో ఉంది. గుర్రాన్ని చూసి బరువు అంచనా కట్టేవాళ్లలో ఎక్కువమంది తక్కువ చెబుతారు. తక్కువ మోతాదు నట్టలన్నిటినీ చంపదు, మందును తట్టుకునేవాటిని మిగులుస్తుంది. తూచే యంత్రం లేనప్పుడు ఒక లెక్క ఉంది: ముంగాళ్ల వెనక ఛాతీ చుట్టుకొలతను సెంటీమీటర్లలో కొలిచి, దాన్ని దానితోనే గుణించి, భుజం మొన నుంచి పిరుదు మొన దాకా ఉన్న పొడవుతో మళ్లీ గుణించి, 11,880తో భాగించాలి. చుట్టుకొలత 180, పొడవు 165 అయితే 450 కిలోలు. ఐవర్‌మెక్టిన్ కిలోకు 0.2 మిల్లీగ్రాముల లెక్కన దానికి 90 మిల్లీగ్రాములు. సిరంజి కాడ మీద ఉన్న రింగును ఆ బరువు గీత దగ్గరకు తిప్పి బిగించి, గుర్రం నోట్లో గడ్డి లేకుండా చూసుకుని వెయ్యాలి. గడ్డి ఉంటే దానితో పాటు మందునీ ఉమ్మేస్తుంది. ఖాళీ సిరంజిని కుక్కలకు అందనివ్వకూడదు. కోలీ జాతి కుక్కల్లో కొన్నిటికి ఐవర్‌మెక్టిన్ విషం.

మన దగ్గర గుర్రాలు తక్కువ. మలక్‌పేట రేసుకోర్సు, పోలీసు దళాలు, పెళ్లి ఊరేగింపుల గుర్రాలు, అక్కడక్కడ మిగిలిన జట్కాలు. చలి దేశాల కాలెండరు ఇక్కడ పనికిరాదు. అక్కడ చలి తగ్గాక నట్టలు పెరుగుతాయి. ఇక్కడ ఏప్రిల్, మే ఎండల్లో గడ్డి మీది పిల్ల పురుగులు మాడిపోతాయి, తొలకరి తడి తగిలాక పుంజుకుంటాయి. రోజంతా కట్టేసి ఎండుగడ్డి తినే గుర్రానికి, బీట్లో మేసే గుర్రానికి ఒకే చీటీ రాయకూడదు.

అయితే ఆ స్లైడు గొర్రెల కోసం పుట్టిందని మొదట్లోనే చెప్పాను. 2019 పశుగణనలో గొర్రెల సంఖ్యలో దేశంలో తెలంగాణది మొదటి స్థానం, ఆంధ్రప్రదేశ్‌ది రెండో స్థానం. ప్రభుత్వాలు నట్టల నివారణ కార్యక్రమాలు పెట్టి మందకు మందకూ మందు తాగిస్తాయి. అది అవసరమే, దానివల్ల గొర్రెలు బతుకుతున్నాయి. కానీ గుర్రాల్లో జరిగినదే గొర్రెల్లో రక్తం తాగే నట్టల విషయంలోనూ ఎన్నో దేశాల్లో జరిగింది. దక్షిణాఫ్రికాలో గొర్రె కంటి లోపలి రెప్ప రంగును కార్డుతో పోల్చి, పాలిపోయినదానికే మందు వేసే పద్ధతి అందుకే పుట్టింది. గుర్రాల వాళ్లు కష్టపడి నేర్చుకున్న పాఠం మన గొల్లకురుమల మందలకు నేరుగా పనికొస్తుంది.

గుర్రం గానీ గొర్రెలు గానీ ఉన్నవాళ్లను నేను కోరేది ఇదే. ఈసారి నట్టల మందు వేసే రోజున కాస్త తాజా లద్దె, పేడ లేదా పెంట్రికలు ఒక కవర్లో పెట్టి, గాలి తీసి మూతి కట్టి, దగ్గర్లోని పశువైద్యశాలకు తీసుకెళ్లి గుడ్లు లెక్కపెట్టించండి. పద్నాలుగో రోజున ఇంకో కవరు తీసుకెళ్లండి. రెండు అంకెలూ కాగితం మీద రాసి దాచుకోండి. వచ్చే ఏడాది ఏ మందు వెయ్యాలో మీ వైద్యుడు ఆ కాగితం చూసి చెబుతారు.